ఏటివాలు

భద్రాచలం ఏ జిల్లాలో వుందని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరంలో అని ఎదురు అడగడం నాకు అలవాటు. ఇది వెటకారం కాదు. ముప్పై మూడేళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. పటం మీద వేలు పెట్టి చూపించాలంటే ఆ వేలు ఎక్కడ పెట్టాలో ముందు నాకు తెలియాలి కదా! 1860 దాకా గోదావరి ఎడమగట్టున వున్న ఈ తాలూకా నిజాం సర్కారుది. ఆ యేడు నిజాం దీన్ని ఇంగ్లీషువారికి ధారపోశాడు. వాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలుపుకున్నారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. తరవాత తూర్పు గోదావరి అయింది. 1953 అక్టోబరులో వరంగల్లు నుంచి ఖమ్మం జిల్లా విడిపడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు వచ్చి అందులో చేరాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టూ వున్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, భద్రాచలం మండలంలో పట్నం ఒక్కటీ తెలంగాణలో మిగిలింది. 2016లో అది కూడా ఖమ్మానికి నమస్కారం పెట్టి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇన్ని మార్పులకూ రాములవారు పీట మీంచి కదలలేదు. అయితే ఇప్పుడాయన గుడి తెలంగాణలో వుంటే, ఆయన మాన్యం భూములు పక్కనే పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో వున్నాయి. దేవుడికి కూడా సరిహద్దు తగాదా తప్పలేదు.

1860లో నిజాం ఎందుకు ధారపోశాడన్నది బడి పుస్తకాల్లో వుండదు. పత్తి కోసం! వార్ధా వైపు నల్లరేగళ్లలో పండే పత్తిని పడవలకెత్తి గోదావరి వెంట సముద్రానికి దించాలని ఇంగ్లీషువారి ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర దీనికి పెద్ద దన్ను. నదికి అడ్డంగా రాతిబండలు లేచిన చోటు మూడున్నాయి. ఒక్కొక్కచోట ఆనకట్ట వేసి, పక్కన కాలవ తవ్వి, లాకులు పెట్టి పడవలు దాటించాలి. వాటిలో మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. హేగ్ అనే మిలిటరీ ఇంజనీరు అక్కడ మకాం వేసి పని నడిపించాడు. పని సాగుతూ వుండగానే 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి ఆ రైలెక్కి పడమటికి పోయింది. 1871లో నది పని కట్టిపెట్టారు. పర్ణశాల చూడటానికి పోయే యాత్రికులు దుమ్ముగూడెం మీదుగానే పోతారు గాని, అక్కడి పాత రాతికట్టు సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఒక వూరు ఏ రాజుదో తేలడానికి ఆ వూళ్లో పండని పంట కారణమయింది, చూశారా?

పత్తి దిగలేదు గాని తతిమ్మావన్నీ దిగాయి. టేకు దూలాలు, వెదురు బొంగులు తెప్పలు కట్టి నీళ్లలో వదిలితే పాపికొండల సందుల్లోంచి రాజమండ్రి చేరేవి. చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ, అడ్డాకు పడవల్లో పోయేవి. మా ప్రాంతం బతుకు తెరువును ఒక్క మాటలో చెప్పమంటే 'ఏటివాలు' అంటాను. ఇక్కడ పుట్టిన సరుకు ఏదయినా సరే, వాలు వెంట కిందికి పోవలసిందే. పైకి వచ్చేది ఉప్పు, గుడ్డ, ఇంకా గట్టిగా వచ్చేది వరద.

నేను పుట్టింది మధిర వైపు. అక్కడ నల్లనేల. పత్తి, మిరప, కంది పండే చోటు. ఖమ్మం దాటి వైరా చెరువు గట్టు మీదుగా తూర్పుకు వస్తూ వుంటే నేల రంగు మారుతుంది. 1930 ప్రాంతంలో నిజాం కట్టించిన ఆ వైరా రిజర్వాయరు కింద వరి పచ్చగా వుంటుంది. ఇంకా ముందుకు పోతే ఎర్రచెక్క నేల, దాని మీద మద్ది, టేకు, తునికి, ఇప్ప. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు మామిడి, జీడిమామిడి, ఈమధ్య పామాయిలు తోటలు. ఉత్తరానికి తిరిగితే ఇల్లెందు, కొత్తగూడెం. అక్కడ నేల పైన ఏం పండిందని ఎవరూ అడగరు. కింద ఏముందన్నదే లెక్క.

1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇల్లెందు దగ్గర బొగ్గు చూశాడు. దగ్గర్లో వున్న సింగరేణి అనే చిన్న వూరి పేరు మొత్తం కంపెనీకి వచ్చింది. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాదు దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొనేసింది. ఇప్పుడు వాటాలు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49. డోర్నకల్ నుంచి రైలు మార్గం బొగ్గు కోసమే పుట్టింది. ఆ లైను మీద ఒక స్టేషను కొత్తగూడెంలో వున్నా దాని పేరు 'భద్రాచలం రోడ్'. పేరు చూసి దిగిన భక్తుడు అక్కణ్ణుంచి ఇంకా సుమారు నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. రాముడి పేరు పెట్టారు గాని రైలు వచ్చింది నల్లసరుకు కోసం. ఆ సరుకు అడవిలోంచి డోర్నకల్‌కు, డోర్నకల్ నుంచి ఎక్కడెక్కడికో పోయింది. రైలుకు మాత్రం ఏటివాలు ఏమిటంటారా? అదీ అంతే, బండి నిండుగా పోయేది బయటికే.

ఈ బొగ్గు గురించి పిల్లలకు చెప్పడానికి నాకు మహా సరదాగా వుండేది. ఎందుకంటే బొగ్గు పొరలున్న రాళ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. దక్షిణపు ఖండాలన్నీ ఒక్కటిగా వున్న కాలపు మహాఖండానికి కూడా అదే పేరు. గోండుల దేశం అని అర్థం. మా బళ్లో కోయపిల్లలది గోండుల కుదురే. వాళ్ల భాష గోండికి చెల్లెలు. "ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ కలిసి వున్నప్పుడు ఆ దేశానికి మీ పేరే పెట్టారర్రా!" అంటే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారు. ఫారెస్టు గార్డు కనపడితే కట్టెల మోపు పారేసి పరుగెత్తే ఇళ్ల పిల్లలు వాళ్లు. నవ్వకేం చేస్తారు?

ఆ బడి కూనవరానికి దగ్గర్లో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి కాస్త ఇవతల. నేను చేరింది 1980లో. 1985లో అనుకుంటాను, ఏడో తరగతికి ప్రెయిరీ మైదానాల పాఠం చెబుతున్నాను. కెనడా పడమటి రాష్ట్రాలు, చెట్టన్నది లేని బయలు, కనుచూపు మేర గోధుమ, ప్రపంచానికి ధాన్యాగారం అని చెప్పి పటం చూపించాను. వెనక వరసలో ఒక కుర్రాడు లేచాడు.

"చెట్టే లేకపోతే ఎండాకాలం ఏం తింటారు సారూ?"

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరిదీ అదే సందేహం. వాళ్ల లెక్క ప్రకారం సంక్రాంతికి ఇంటికొచ్చిన జొన్నలు మాఘం దాటితే అడుగంటుతాయి. అక్కణ్ణుంచి తొలకరి దాకా పొట్ట నింపేది చెట్టే. మార్చిలో ఇప్పపువ్వు, తరవాత తునికిపళ్లు, తాటిముంజెలు, పొద్దునా సాయంత్రం తాటికల్లు, అది లేని చోట జీలుగు కల్లు. చెట్టు అంటే వాళ్లకు నీడ కాదు, గాదె. చెట్టు లేని దేశాన్ని ధాన్యాగారమంటే వాళ్లు ఎలా నమ్ముతారు? "అక్కడ ఎండాకాలంలోనే పంట పండుతుంది, చలికాలమంతా మంచు" అని చెప్పాను. కుర్రాడు కూచున్నాడు గాని తృప్తి పడ్డట్టు లేడు.

ఆ దేశం నేను కళ్లతో చూస్తానని కలలో కూడా అనుకోలేదు. అల్లుడి వుద్యోగం సస్కాచువాన్ రాష్ట్రంలో రెజైనా పట్నంలో. 2017 వేసవిలో మా అమ్మాయి పట్టుపడితే పోయి మూడు నెలలు వున్నాను. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా ఆ ఒక్క రాష్ట్రంలో సగం కావు. జనం చూస్తే పన్నెండు లక్షల చిల్లర. మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 2011 లెక్కల్లోనే దాదాపు ఇరవై ఎనిమిది లక్షలమంది వున్నాం. హద్దులన్నీ రూళ్లకర్రతో గీసినవే, నాలుగు పక్కలా ఒక్క నది గాని కొండ గాని హద్దుగా లేదు. జులైలో చేలు పసుపు ముద్దల్లా వున్నాయి. కనోలా అంటారు, మన ఆవాల జాతి. మిగతావి గోధుమ, మసూరు, బఠానీ. మనవాళ్లు మైసూరు పప్పు అంటారే, ఆ ఎర్రపప్పు పరదేశాలకు అందరికంటే ఎక్కువ పంపేది కెనడా. అందులో చాలా భాగం ఈ రాష్ట్రంలో పండిందే. రైలు గేటు దగ్గర కారు ఆగితే నేను పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. నూరు దాటాక లెక్క తప్పేది. గింజల పెట్టెలు, పొటాష్ పెట్టెలు. అన్నీ ఏటివాలే, సముద్రం దాకా పోయే ఏటివాలు!

ఆ వూరి పేరు చరిత్ర విన్నాక మా పాపికొండలు గుర్తొచ్చాయి. రెజైనా పేరు పెట్టకముందు ఆ చోటును క్రీ జాతి వాళ్లు ఎముకల కుప్ప అనేవారట. అడవిదున్నలను వేటాడి ఎముకలు గుట్ట వేసిన చోటు. తెల్లవాళ్లు వచ్చాక 1880ల నాటికి దున్నలు నశించాయి, వాటి ఎముకలను కూడా రైలెక్కించి ఎరువుకు అమ్ముకున్నారు. దున్న పోయాక క్రీలకు తిండి పోయింది. 1874లో, 1876లో చేసుకున్న ఒప్పందాలతో వాళ్లను చిన్న చిన్న రిజర్వులకు సర్ది, తక్కిన నేలను 160 ఎకరాల చదరాలుగా గీసి, పది డాలర్ల రుసుముకు వలసవాళ్లకు ఇచ్చారు. మా పాపికొండలకు కూడా దొరలు పెట్టిన పేరు బైసన్ కొండలు, అంటే అడవిదున్న కొండలు. నిజాం కాలంలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు అక్కడి కొండరెడ్ల మధ్య తిరిగి, వాళ్ల మీద రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టాడు, 1945లో అచ్చయింది. రెండు చోట్లా దున్నలున్న దేశమే, రెండు చోట్లా ముందునుంచీ వున్నవాళ్లకు చివర మిగిలింది కొద్దిపాటి చోటే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వలస వచ్చిన ప్రెయిరీ రైతు కూడా మొదట్లో దగా పడ్డాడు. గింజ పండించాక రైలు పక్కన ఎలివేటరు కంపెనీ తూచిందే తూకం, చెప్పిందే రకం. వాళ్లు ఏం చేశారంటే, 1901లో సంఘం కట్టారు. మరుసటేడు, పెట్టెలు వరస తప్పి ఇస్తున్నాడని స్టేషను ఏజెంటు మీద కోర్టుకెక్కి గెలిచారు. 1924లో వీట్ పూల్ అనే సహకార సంస్థ పెట్టుకుని సొంత ఎలివేటర్లు కట్టుకున్నారు. ఆ సంస్థ ఎనభై ఏళ్లకు పైగా నడిచింది.

మా ఏజెన్సీ సంతల్లో కథా ఇదే. కావడి చింతపండు తెచ్చిన కోయవాడికి సాహుకారు మానెడు ఉప్పు, జానెడు పొగాకు ఇచ్చి పంపేవాడు. తూకం రాయి సాహుకారుది, పద్దు పుస్తకం సాహుకారుది. 1956లో గిరిజన సహకార కార్పొరేషన్ వచ్చింది. డిపోలు పెట్టారు, ఉప్పూ కిరసనాయిలూ సరయిన ధరకు దొరికాయి, తూకంలో మోసం తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. కాని ఒక్క తేడా వుంది. ప్రెయిరీలో ఎలివేటరు కట్టుకున్నది రైతులు. మన దగ్గర కార్పొరేషన్ కట్టింది ప్రభుత్వం. సహకారం అన్న మాట బోర్డు మీద వుంది గాని, కిలో తపసి జిగురు ఎంతకు కొనాలో నిర్ణయించే చోట జిగురు తీసేవాడికి కుర్చీ లేదు.

తపసి జిగురంటే గుర్తొచ్చింది. ఎండాకాలం కొండ ఎక్కి, తపసి చెట్టుకు గాటు పెట్టి, కారిన బంకను ఎండబెట్టి, మట్టీ బెరడూ ఏరి డిపోకు తెస్తారు. దీన్ని పరదేశాలకు ఎందుకు పంపుతారో నేను విన్నప్పుడు నమ్మలేదు. మందుల్లో, తినుబండారాల్లో కలపడంతోపాటు కట్టుడుపళ్లు చిగుళ్లకు అంటుకోవడానికి వాడే పొడిలో కూడా ఇది పడుతుందట! కూనవరం అడవిలో ఒక ముసలమ్మ పళ్లు లేని నోటితో ఏరిన బంక సముద్రాలు దాటి ఇంకో ముసలమ్మకు పళ్లు నిలబెడుతోంది. ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు అరగంటసేపు పాఠం సాగనివ్వలేదు.

తునికాకుది పెద్ద వ్యాపారం. ఎండలు ముదరకముందే పొదలు నరికి వదిలితే ఏప్రిల్ నాటికి లేత చిగురు వేస్తుంది. ఆ చిగురుటాకే బీడీకి పనికొచ్చేది. తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ అడవికి పోయి, పొద్దెక్కేసరికి ఆకు తెచ్చి, ఇంటి నీడలో కూచుని యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో కల్లేదారుకు లెక్క అప్పచెబుతారు. వెయ్యి కట్టలు ఒక సంచి. 1971లో చట్టం చేసి ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆకు నిజామాబాదు, కరీంనగర్ వైపు పోతుంది. అక్కడ ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. ఇక్కడ ఆకు కోసే ఆవిడ, అక్కడ బీడీ చుట్టే ఆవిడ ఒకరినొకరు ఎన్నడూ చూసి వుండరు. ఇద్దరికీ లెక్క కట్టల్లోనే, వేలల్లోనే. బడి పిల్లలకు పలకలు, లంగాలు, జాకెట్లు వచ్చేది ఆ నెలన్నర డబ్బుతోనే అని నాకు తెలుసు. జూన్‌లో బడి తెరిచిన రోజు కొత్త గుడ్డలు చూసి ఆ యేడు ఆకు ఎలా అయిందో చెప్పగలిగేవాణ్ణి.

ఈ సీమలో వసూలయిన సొమ్ము బయటికి పోకుండా ఇక్కడే నిలబడ్డ సందర్భం నాకు ఒక్కటే కనిపిస్తుంది. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చి, శిస్తు గోలకొండకు పంపకుండా గుడి కట్టించాడు. అందుకు తానీషా ఆయన్ను పన్నెండేళ్లు చెరలో పెట్టాడని కథ. భక్తులు భక్తి చూస్తారు. భూగోళం మాస్టారు కాబట్టి నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది: ఆ రాళ్లు, ఆ గోపురం, వాటి చుట్టూ పుట్టిన సత్రాలు, కొట్లు, పడవలు, ఇప్పటి బస్సులు, లాడ్జీలు అన్నీ ఆ ఆగిపోయిన శిస్తు మీద బతుకుతున్నవే. 1965లో గోదావరి మీద వంతెన పూర్తయ్యాక ఆ యాత్ర పదింతలయింది. ఇంత లాభసాటి ఖర్చు ఏ తహశీల్దారూ చేసి వుండడు.

కార్ఖానాల సంగతి గబగబా చెప్పేస్తాను. కిన్నెరసాని నీళ్లు, ఇల్లెందు కొత్తగూడెం బొగ్గు కలిపి పాల్వంచలో 1966లో విద్యుత్కేంద్రం వెలిసింది. విశ్వనాథవారు పాటలు కట్టిన కిన్నెరసానే ఇది. ఆవిరి యంత్రాలకు నీళ్లు మోస్తుందని ఆయన అనుకుని వుండరు. ఆ పాత కేంద్రం మూతపడింది. 2024 ఆగస్టులో దాని కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు. అశ్వాపురంలో భారజల కర్మాగారం, సారపాకలో కాగితం మిల్లు వున్నాయి. ఒకప్పుడు రాజమండ్రి దిగిన వెదురు కాగితం మిల్లు వచ్చాక ఇక్కడే ఆగింది. వెదురు చాలక మిల్లువాళ్లు జామాయిలు మొక్కల్లో మేలురకం ఎంచి అంట్లు తయారుచేసి రైతులకిచ్చారు. 'భద్రాచలం క్లోన్లు' అని వాటికి దేశమంతటా పేరు. అడవి పక్కన అడవి లాంటిది ఇంకోటి లేచింది. దూరం నుంచి పచ్చగానే వుంటుంది, లోపల పిట్ట కూత వినపడదు. సింగరేణి సంగతేమిటంటే, 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీసింది. 1990ల మొదట్లో లక్షకు పైగా వున్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. భూగర్భంలోకి మనిషి దిగే గనులు తగ్గి, కొండంత యంత్రాలు నేల విప్పే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మొదటి బొగ్గు పుట్టిన ఇల్లెందులో వెనకటి సందడి లేదు.

ఇక భూమి. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. జనం నోట అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. షెడ్యూల్డు ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదు. గిరిజనేతరుడి దగ్గరున్నది కూడా ఇంకో గిరిజనేతరుడు కొనకూడదు. ఈ చట్టమంటే మైదానం నుంచి వచ్చిన మావాళ్లలో చాలామందికి కడుపుమంట. నా అభిప్రాయం అడిగితే, ఆ చట్టమే లేకపోతే ఈపాటికి కోయవాడికి ఇంటి జాగా కూడా మిగిలేది కాదు. అలాగని చట్టం వుండగా అంతా సవ్యంగా వుందనీ కాదు. డెల్టా నుంచి, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆసామి కౌలు అంటాడు, కాయితం వుండదు. భూమి కోయవాడిది, పెట్టుబడీ పంటా ఆసామివి. సొంత చేలో కూలికి పోయే మనుషులను నేను స్వయంగా ఎరుగుదును. మిర్చి కోతలకు కూలి చాలక సుక్మా, బీజాపూరు జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సరిహద్దు దాటి వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేల గట్ల మీద టార్పాలిన్ల కింద కాపురం. కాయ ఖమ్మం మార్కెట్టుకు పోతుంది. తేజ రకం అక్కడికి వచ్చినంత ఇంకెక్కడికీ రాదని వ్యాపారులు చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి ఓడలెక్కుతుంది.

ఒకరోజు అలాంటి చేలో గట్టు మీద కూచుంటే ఎర్ర పొటాష్ సంచులు కనిపించాయి. పొటాష్ మన దేశంలో తవ్వరు, మొత్తం పరదేశాల నుంచి రావలసిందే, అందులో కెనడాది పెద్ద వాటా. దాదాపు నలభై కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రపు ఉప్పు అది, సస్కాచువాన్‌లో ఇంచుమించు కిలోమీటరు లోతున వుంటుంది. నేను రైలు గేటు దగ్గర లెక్కపెట్టి లెక్క తప్పిన పెట్టెల్లోది ఏదైనా ఈ గట్టెక్కిందేమో! మొత్తానికి ఒక సరుకు వాలుకు ఎదురు ఎక్కి వచ్చింది.

నది కూడా అలాగే ఎదురొస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. మా బడి కప్పు మీద నీళ్లు పారాయి. పటాలన్నీ పోయాయి, ప్రపంచపటంతో సహా. గోదావరి పొంగితే శబరి దిగలేక వెనక్కి తన్నుతుంది. ఆ వెనక నీళ్లే మా పల్లెలను ముంచేవి. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. ఇప్పుడు దిగువన పోలవరం డ్యాము 150 అడుగుల మట్టానికి నింపితే ఆ నీళ్లు వచ్చిపోయేవి కావు, వచ్చి వుండిపోయేవి. డెల్టాకు నీళ్లు కావాలి, విశాఖకు కావాలి, కాదనను. కాని కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మునిగే పల్లెలు చాలా భాగం కోయవాళ్లవి, కొండరెడ్లవి. పల్లెలు మునగడానికి వీలుగా ముందు వాటి రాష్ట్రం మార్చారు. ఈసారి పత్తి కోసం కాదు, నీటి కోసం.

ప్రెయిరీ పాఠంలో లేచి అడిగిన కుర్రాడి పల్లె కూడా అందులో వుంది. కిందటేడు అతని కొత్త కాలనీకి పోయాను. వరసగా సిమెంటు ఇళ్లు, నేరుగా రోడ్లు, కొళాయి. ఇళ్లు బాగానే కట్టారు. అరుగు మీద కూచోబెట్టి చుట్టూ చూపించాడు. మట్టి తోలి చదును చేసిన బయలు, చివర ఒక కరెంటు స్తంభం.

"మీరు చెప్పిన దేశం ఇదే గామోసు సారూ. చెట్టే లేదు."

"ఎండాకాలం ఏం తింటున్నారర్రా?" అని అడిగాను.

"రేషన్ బియ్యం వున్నాయి. కూలి దొరికితే కూర కూడా." కాసేపాగి, తునికాకు రోజుల్లో తన భార్యా కోడలూ పాత అడవికే పోతున్నారనీ, ఆటోకు పోయేది పోను మిగిలేది తక్కువే అయినా చుట్టాలు కనపడతారనీ చెప్పాడు. భూమి పండుగ మాత్రం పాత ఊళ్లోనే చేస్తున్నారట, నీళ్లు వచ్చేదాకా.

ఇంటి వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. పాత ఊరి తాటిటెంకలు తెచ్చి వరసగా పాతాడు. ఏడు మొలిచాయి, ఒక్కొక్కటి విసనకర్రంత వుంది. తాటి మొక్క కల్లుకు రావాలంటే పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో పడుతుంది. అతనికి ఇప్పటికే యాభై దాటాయి. మేకలు రాకుండా కంప మాత్రం గట్టిగా కట్టాడు.